మీట లేని పలక

సంఘం పాక తలుపు ప్రణవి వస్తుంటే నాలుగడుగుల దూరంలోనే తెరుచుకుంటుంది. జోషిత వస్తే అలా కాదు. కుడి మణికట్టు మీది పలకను తలుపు ముందుకు చాచి, ఎడమ బొటనవేలితో పక్కనున్న మీట నొక్కి, ఆ తలుపు తీరిగ్గా ఆలోచించుకునేదాకా నిలబడాలి. రెండు క్షణాలే. కానీ ఆ రెండు క్షణాల్లోనే, లోపల పెద్దపొయ్యి ముందు అప్పటికే కూచుని కుచ్చిళ్ళు సర్దుకుంటున్న తోడికోడలు ప్రణవి కనిపిస్తుంది. జోషితకు రోజంతా ఒళ్ళు మండటానికి అది చాలు.

ఒకప్పటి జనం జేబుల్లో అద్దంబిళ్ళలు పెట్టుకుని తిరిగేవారట. అవి పోయి మణిపలకలు వచ్చి డెబ్భై ఏళ్ళు దాటింది. మణిపలక లేకపోతే ఇప్పుడు పంటు మనిషిని గోదావరి దాటించదు, ఆస్పత్రిలో నాడి చూడరు, బియ్యం ఇవ్వరు. పుల్లేటిలంకలో గేదెలకు కూడా చెవికొకటి ఉంది. చేత్తో నొక్కి రాసే ఉత్తరాలు ఎప్పుడో పోయాయి. ఎవరి పేరు పలికితే వాళ్ళకు ఉత్తరం తెరుచుకుంటుంది, గొంతులో గొణిగినా పలక వింటుంది. చదవడం కూడా పోయింది. చెవి వెనక ఎముకలోకి, పంపినవాళ్ళ గొంతుతోనే, మాట నేరుగా దిగుతుంది.

అన్నీ మారినా ఆ లంకలో మారనిది పూతరేకు ఒక్కటే. యంత్రాలు చేసే రేకులూ ఉన్నాయి, కాదనం. తింటే కాగితం నమిలినట్టుంటాయి. చేతిరేకు కావాలనుకునేవాళ్ళు ఇంకా మిగిలారు కాబట్టే సంఘం పాకలో ఏడు పొయ్యిలు వెలుగుతున్నాయి. దేశదేశాల నుంచి కొనేవాళ్ళు, పనిచేసే చేతిని ఆ చేతికున్న పలక కంటిలోంచే చూస్తారు. సంఘంలో వాళ్ళను చూపరులని పిలుస్తారు. చూపరులు ముందు పెద్దపొయ్యి దగ్గర వాలతారు. అక్కడ నచ్చకపోతే మిగతా ఆరింటి మొహం కూడా చూడరు. అందుకే ఊళ్ళో ఏ చెయ్యి గొప్పదో ఆ చేతికే పెద్దపొయ్యి.

పదకొండేళ్ళు అది జోషితది. నిరుడు సంఘం దాన్ని ప్రణవికి ఇచ్చింది.

"నీ చేతికి వంక పెట్టడం లేదు జోషితమ్మా," అన్నాడు సంఘం పెద్ద, వంక పెట్టేవాళ్ళందరూ అనేమాటే. "ప్రణవిది తొమ్మిదో తరం పలక. దాని కన్ను పెద్దది. రేకులోంచి వెలుతురు కూడా కనబడుతోందంటున్నారు చూపరులు. నీది అయిదోది. నీ రేకు ఎంత పల్చనైనా అందులో గోడకు సున్నం కొట్టినట్టుంది."

ఆ మాట జోషిత కడుపులో సంవత్సరం నుంచి ఉడుకుతోంది. తన చెయ్యి కాదు, పలక ఓడిపోయింది. మనిషికి ఇంతకన్నా ఊరట ఏముంటుంది, ఇంతకన్నా కడుపుమంట మాత్రం ఏముంటుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. జోషిత నోరున్న మనిషి కాదు. తోడికోడలిని ఎదురుగా పల్లెత్తు మాట అన్నదని ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. రెండిళ్ళకూ ఒకటే వాకిలి, ఒకటే కుళాయి, పచ్చళ్ళు కూడా కలిపే పెడతారు. కానీ పొయ్యి ముందు కూచుందంటే ఆమె పెదవులు కదులుతూనే ఉంటాయి. ముందు "ప్రణవీ" అంటుంది, ఉత్తరం తెరుచుకుంటుంది. ఇక మొదలు. చూడు దాని తీరు, రేకు తియ్యగానే ఎండకెత్తి పట్టుకుని ఆ ఒయ్యారం. చీర చెంగు చూడు, పొయ్యి ముందుకా పెళ్ళికా. ఆ గుడ్డ లాగడం నేను నేర్పిందే, ఎక్కడైనా చెప్పిందా. ఇలా ఒక గొణుగుడు అయ్యాక ఇంకొకటి, ఆరేళ్ళుగా. అయిదో తరం పలక అంతా వింటుంది, రాసుకుంటుంది, పంపడానికి మీట నొక్కుతారేమోనని చూస్తుంది. జోషిత నొక్కదు. సాయంత్రం పొయ్యి ఆర్పాక "ప్రణవి ఉత్తరం తుడిచెయ్యి" అంటుంది. పలక తుడిచేస్తుంది. ఆమె కడుపు చల్లబడుతుంది. ఇంటికెళ్ళి తోడికోడలి పిల్లకు జడ వేస్తుంది.

పలక కనిపెట్టినవాళ్ళకు ఈ సంగతి తెలియదు. తెలిసే వీలూ లేదు. నొక్కని మీట ఎన్నిసార్లు నొక్కలేదో వాళ్ళ లెక్కల్లోకి రాదు కదా.

తొమ్మిదో తరం కొంటానని జోషిత చెప్పినప్పుడు ఆమె భర్త రిత్విక్ గారు వాకిట్లో పంటు తాడు పేనుతున్నారు. తల నెరిసిన మనిషి, రేవులో పంటు ఆయన చేతిమీదే నడుస్తుంది.

"ఉన్నది పనిచేస్తోందిగా," అన్నారు.

"చేస్తోంది. తలుపు దగ్గర నన్ను నిలబెట్టి పనిచేస్తోంది."

"కొత్తదాంట్లో ఏముందంట?"

"కన్ను పెద్దదండీ. అంచులు లేవు. మందం లేదు. మీట కూడా లేదు."

రిత్విక్ గారు తాడు పక్కన పెట్టారు. "ఆరో తరంలో పట్టీ తీసేశారు. ఏడో దాంట్లో విప్పి బాగుచేసే సందు తీసేశారు. ఎనిమిదిలో అంచులు. ఇప్పుడు మీటా. లేకపోవడం కోసం ఎదురిచ్చి కొనుక్కునేవాళ్ళను మిమ్మల్నే చూస్తున్నాను."

"ప్రణవి కొనుక్కుంటే మీ తమ్ముణ్ణి ఈ మాట అడగలేదే?"

ఆయన మళ్ళీ తాడు అందుకున్నారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఎక్కడ ఆగాలో ఆయనకు తెలుసు.

రావులపాలెం దుకాణంలో ఇషాంత్ అనే అమ్మకందారు కొత్త పలకను ఆమె మణికట్టు మీద ఉంచాడు. అది మంచినీళ్ళ చుక్కలా ఒంటికి అతుక్కుపోయింది. ఎక్కడా గీత లేదు, సందు లేదు. చూస్తే ముచ్చటగా ఉంది. ముచ్చటగా ఉందని ఒప్పుకోవాల్సి వచ్చినందుకు జోషితకు ప్రణవి మీద మళ్ళీ కోపం వచ్చింది.

"మరి ఉత్తరం పంపాలంటే?" అని అడిగింది.

"చెయ్యి ఇలా కుడినుంచి ఎడమకు ఒక్క ఊపున లాగండి, ఇంకో పేరు పలికేదాకా అన్నీ ఆ మనిషికే పోతాయి. అంతే." అతను గాలిలో ముంజేతిని అలా జరిపి చూపించాడు. "లక్షమంది చేతులు ఏడాది పొడుగునా చూసి, మనిషి ఊరికే ఎప్పుడూ చెయ్యని కదలిక ఏదో ఏరి పెట్టారండీ. పొరపాటున పంపడమనేది ఉండదు."

"పంపినట్టు వణుకుతుందా, పాతదానిలాగా?"

"వణుకు తీసేశారండీ. మన పనికి అడ్డం అని."

జోషిత అతను చూపించినట్టే చెయ్యి లాగి చూసింది. అలవాటు లేని పనిలా, కాస్త సిగ్గుగా అనిపించింది. నవ్వొచ్చే సంగతేమిటంటే, ముప్ఫై ఏళ్ళుగా ఆమె రోజుకు మూడొందలసార్లు చేసే కదలిక అదే. కానీ పొయ్యి మీద గుడ్డ లాగడం ఆమె దృష్టిలో చెయ్యి కదపడం కాదు. అది పని. ఆ లక్షమందిలో పూతరేకులు తీసేవాళ్ళు ఒక్కరూ లేరని ఇషాంత్‌కు మాత్రం ఎలా తెలుస్తుంది.

పాతది కొత్తదాని కింద జమకట్టుకున్నారు. మీట ఉన్న పలక ఒక తట్టలోకి జారిపోయింది.

మర్నాడు పొద్దున సంఘం పాక తలుపు జోషిత కోసం నాలుగడుగుల ముందే తెరుచుకుంది. ఆమె తల కొంచెం ఎక్కువే ఎత్తుకుని లోపలికి నడిచింది. ప్రణవి పెద్దపొయ్యి దగ్గరనుంచి చూసి నవ్వింది.

"కొత్తదా అక్కా? నీ చేతికి బాగుంది."

"ఏదో, మీ బావగారి పోరు పడలేక," అంది జోషిత, కళ్ళార్పకుండా.

తన పొయ్యి వెనక వరసలో ఉంటుంది. అక్కణ్ణించి ప్రణవి పక్కవాటుగా కనిపిస్తుంది. జోషిత కూచుంది, బోర్లించిన కుండ కింద కొబ్బరాకులు ఎగదోసింది. కుండ వీపు వేడెక్కాక పల్చటి గుడ్డను బియ్యం పాలలో ముంచి, రెండు చేతులా పరిచి పట్టుకుంది.

"ప్రణవీ," అని గొణిగింది. "బావగారి పోరట. నమ్మేసినట్టు ఎలా నవ్విందో చూడు, నంగనాచి."

గుడ్డను కుండ మీదుగా కుడినుంచి ఎడమకు ఒక్క ఊపున లాగింది. తెల్లటి పొర చిటపటలాడి లేచింది. ఎడమచేత్తో ఒలిచి పక్కన పెట్టింది. మళ్ళీ ముంచింది.

"నా చెయ్యి తగలకుండా ఒక్క రేకు తీసేదానివా నువ్వు? గుడ్డ ఎలా పట్టుకోవాలో కూడా తెలియకుండా వచ్చావు ఈ ఇంటికి." లాగింది. "ఇప్పుడు పెద్దపొయ్యి. ఇప్పుడు చూపరులు." లాగింది. "అద్దె కిరీటం అది. పలక ఇచ్చిన కిరీటం. ఇవాళ నాకూ వచ్చింది, చూస్తా."

ఇలా పొద్దెక్కింది. ఇద్దరి పలకల కళ్ళూ ఇప్పుడు సమానమే కాబట్టి కొద్దిమంది చూపరులు వెనక వరసకూ వచ్చారు. వచ్చినవాళ్ళు కాసేపు చూసి మళ్ళీ పెద్దపొయ్యి దగ్గరికే వెళ్ళిపోయారు. ఎందుకంటే ఆ పొద్దున ప్రణవి రేకులు మునుపెన్నడూ లేనంత పల్చగా వస్తున్నాయి. ఒకసారి ఆమె తల కాస్త వంచి చెవి వెనక వేలితో రుద్దుకుంది. అంతకుమించి ఏమీ లేదు. గుడ్డ ముంచడం, లాగడం, రేకును ఎండకెత్తి చూడటం. ఒకటి అయ్యాక ఒకటి, తప్పు పట్టడానికి వీల్లేకుండా.

జోషిత తన రేకు చూసుకుంది. ప్రణవి రేకు చూసింది. కొత్త పలక, పెద్ద కన్ను, అంతా సమానం. అయినా అదీ ఇదీ ఒకటి కాదు. సంవత్సరం నుంచి దాచుకున్న ఊరట కాస్తా చేతిలోంచి జారిపోయింది. ఆ మంటలో, తనకు తానే ఎప్పుడూ చెప్పుకోని మాట గొంతులోకి వచ్చేసింది.

"నాకు తెలుసే," అని గొణిగింది. "నువ్వు మొదటి రేకు తీసిన రోజే తెలుసు. అత్తయ్య దాన్ని వెలుతురుకు పట్టుకుని చూసింది. నా రేకు ఎప్పుడు చూసినా మందం అనేది, అంచు చిరిగిందనేది, చనిపోయేదాకా ఏదో ఒకటి అనకుండా వదల్లేదు. నీది చూసి నోరు మూసుకుంది. నీ చెయ్యి నా చేతికన్నా మంచిది ప్రణవీ. చచ్చినా నీతో చెప్పను."

గుడ్డ లాగింది.

పెద్దపొయ్యి దగ్గర ప్రణవి చెయ్యి గాల్లో ఆగింది. కాసేపటికి గుడ్డ కుండకు తగిలింది కానీ, రేకు సగంలో చిరిగింది. తరవాతిదీ చిరిగింది. దాని తరవాతది ముద్దగా అంటుకుపోయింది. కుండ వీపు తుడిచి, మంట తగ్గించి, మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ చిరిగింది.

నిజం చెప్పాలంటే జోషితకు పండగలా అనిపించింది. చెడ్డ సంతోషం, కానీ సంతోషమే. చూపరులు ఒక్కొక్కరే పెద్దపొయ్యి దగ్గరనుంచి జారుకుని వెనక వరసకు చేరారు. ఆమె రేకులు హుషారుగా వచ్చాయి. పెదవులూ ఆగలేదు. ఏమైంది మహారాణీ, ఎక్కడికి పోయింది ఆ ఒయ్యారం, అంటూ లాగింది.

మధ్యాహ్నం భోజనాలవేళకు ప్రణవి లేచింది. గుడ్డను ఉతికి, నాలుగు మడతలు పెట్టి, జోషిత దగ్గరికి తెచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగ అనుకుంది జోషిత.

"అక్కా, పెద్దపొయ్యి నువ్వు చూసుకో. నాకు చెయ్యి ఆడటం లేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది," అని ప్రణవి వెళ్ళిపోయింది. తలుపు ఆమె కోసం ముందే తెరుచుకుంది.

జోషిత పెద్దపొయ్యి ముందు కూచుంది. సంవత్సరం తరవాత. పీట తన ఎత్తుకు సరిపోయేలా జరుపుకుంది. ఆ సాయంత్రందాకా చూపరులు మెచ్చుకుంటూనే ఉన్నారు, సంఘం పెద్ద వచ్చి చేతులు కట్టుకుని నిలబడి చూశాడు. పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని, ఎప్పటిలాగే పలకతో అంది, "ప్రణవి ఉత్తరం తుడిచెయ్యి."

"తుడవడానికి ఏమీ లేదు," అంది పలక, చక్కటి మర్యాద గొంతుతో. "ఈరోజు ప్రణవి గారికి నూట ఎనభైమూడు ఉత్తరాలు చేరాయి. నూట ఎనభైమూడూ విన్నారు."

జోషిత ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది. పలక విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. అప్పుడు ఆమె చల్లారిన కుండ వైపు చూసి, గుడ్డ లేకుండానే కుడిచేతిని కుడినుంచి ఎడమకు ఒకసారి లాగి చూసుకుంది. రావులపాలెంలో ఇషాంత్ గాలిలో చూపించిన చెయ్యి కళ్ళముందు కదిలింది. పీట కూడా సర్దకుండా ఇంటిదారి పట్టింది.

ఆమె ఇల్లు చేరేసరికి ప్రణవి కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. జోషిత ఎదురుగా నిలబడింది. క్షమించమని అడగడానికి ఎన్నో మాటలు దారంతా పేర్చుకొచ్చింది.

"కొత్తదానికి మీట లేదు," అంది చివరికి.

"తెలుసక్కా. నాదీ అదేగా." ప్రణవి గిన్నె కడిగి బోర్లించింది. "నువ్వు గుడ్డ లాగుతున్నప్పుడు పోతున్నాయని నాకు మూడోదానికే తెలిసిపోయింది."

"మరి చెప్పలేదే."

"ఆరేళ్ళుగా నీ పెదవులు కదులుతుంటే చూస్తున్నాను. నన్ను తిడుతున్నావని తెలుసు. ఏమని తిడుతున్నావో తెలీదు. వినాలనిపించింది." ఆమె గొంతులో కోపం లేదు. అదే జోషితను భయపెట్టింది. "తిట్లు బాగానే ఉన్నాయక్కా. ఒక్కోటి వింటుంటే పౌరుషం పుట్టుకొచ్చింది. పొద్దున ఎలాంటి రేకులు తీశానో చూశావుగా."

"చూశాను."

"తరవాత ఆ ఒక్కటీ వచ్చింది."

ఏ ఒక్కటో జోషిత అడగలేదు.

"నేను రేకు ఎండకెత్తేది చూపరుల కోసమనుకున్నావు. నీకు కనబడాలని ఎత్తేదాన్ని," అంది ప్రణవి. "నీ పక్కన కూచుని, నువ్వు లాగినట్టు లాగాలని, తరవాత నీకన్నా బాగా లాగాలని, ఏదో ఒకరోజు నువ్వు నోరు తెరిచి అనాలని. పన్నెండేళ్ళుగా అదే పని. ఇవాళ అనేశావు. గుడ్డ ముంచి పట్టుకుంటే, ఎందుకు లాగాలో గుర్తురావడం లేదు. ఇక దేనికోసం తియ్యను అక్కా?"

జోషిత తోమని గిన్నె ఒకటి చేతిలోకి తీసుకుంది. తిట్టినందుకు ఏడుస్తుందనుకుంది. మెచ్చుకున్నందుకు చెయ్యి పడిపోతుందని ఎవరికి తెలుసు.

మర్నాడు ప్రణవి పాకకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వాకిట్లో ముగ్గు వేస్తుంది, పిల్లను బడికి పంపుతుంది, జోషితను అక్కా అని పిలుస్తుంది. పొయ్యి మాటెత్తితే మాత్రం చేతులు చీర కొంగులో చుట్టుకుంటుంది. పెద్దపొయ్యి ఇక జోషితదేనని సంఘం రాసుకుంది. ఏడాదిపాటు ఏ పీట కోసం కుళ్ళిపోయిందో ఆ పీట మీద ఆమె కూచుని ఉంది. పక్కకు చూస్తే మరో మనిషి, మంచి మనిషే, ఆమె రేకులు చూస్తే ఎవరికీ కడుపు మండదు. నాలుగో రోజుకు జోషిత రేకులకు మందం వచ్చింది. చూపరులు ఇంకా గమనించలేదు. ఆమె గమనించింది. పెదవులు కదపాలంటే తిట్టడానికి పేరు లేదు.

ఆరోరోజు రావులపాలెం వెళ్ళింది.

"నా పాతది తిరిగి ఇచ్చెయ్యి బాబూ," అంది ఇషాంత్‌తో.

"కరిగించేశారండీ. అవి వారానికోసారి వెళ్ళిపోతాయి."

"పోనీ దీనికి మీట పెట్టగలవా?"

అతను పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎక్కడ పెట్టమంటారు? చోటేదండీ?" తరవాత ఆమె మొహం చూసి, కాస్త మెత్తబడి, ఫిర్యాదుపత్రం తెరిచాడు. "ఏం ఇబ్బంది వచ్చిందో చెప్పండి, తయారుచేసేవాళ్ళకు పంపిస్తాను. మూడే గళ్ళున్నాయి. పలక తప్పా, నీళ్ళు పడ్డాయా, పాత అలవాటా?"

"పాత అలవాటు," అని చెప్పి జోషిత లేచింది.

తిరుగుదారిలో పంటు మీద భర్త పక్కన నిలబడింది. రిత్విక్ గారికి అంతా తెలుసు. ఒకటే వాకిట్లో ఎవరికి తెలియకుండా ఉంటుంది. నేను ముందే చెప్పాను అని మాత్రం అనలేదు, అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

"అన్నమాట వెనక్కి తీసుకోవచ్చాండీ?" అంది జోషిత.

"అబద్ధమైతే తీసుకోవచ్చు."

"నిజం."

"అయితే అది నిజం కాకుండా పోయే దారేమైనా ఉందేమో చూడు," అని ఆయన తాడు బిగించే పనిలో పడ్డారు.

ఆ తరవాత మూడు రోజులు జోషిత పెద్దపొయ్యి ముందు కూచోలేదు. ఇంటి పెరట్లో అత్తగారి పాత కుండ ఒకటి ఉంది, దాన్ని బోర్లించి వేడిచేసింది. మణికట్టు మీది పలకను ఒలిచి ఖాళీ నేతిడబ్బాలో పడేసి మూత పెట్టింది. బియ్యం రెండుసార్లు మార్చింది. పాలు ఇంకా పల్చన చేసింది. గుడ్డను పట్టుకునే తీరే మార్చింది, ముప్ఫై ఏళ్ళ తరవాత, చిటికెనవేలు వదిలేసి. వంద రేకులు చిరిగాయి. యాభైరెండేళ్ళ మనిషి, పొగలో దగ్గుకుంటూ, చేతులు బొబ్బలెక్కి, కొత్త కోడలిలా మొదటినుంచి నేర్చుకుంది. ప్రణవి చెయ్యి ఎలా తిరుగుతుందో ఆరేళ్ళు కుళ్ళుతో రెప్పవేయకుండా చూసి ఉంది కదా, ఆ చూపు ఇప్పుడు పనికొచ్చింది. మూడోరోజు ఎండ ఏటవాలుగా పడుతున్నవేళ ఒక రేకు లేచింది. జోషిత దాన్ని అరచేతిలో పరుచుకుంది. కింద చేతిగీతలు లెక్కపెట్టొచ్చు.

దాన్ని విస్తరాకు మీద పెట్టుకుని గోడపక్కకు వెళ్ళింది. ప్రణవి బట్టలు ఆరేస్తోంది.

"తొమ్మిది రోజులుగా పొయ్యి ముట్టనన్నట్టు కూచున్నావు," అంది జోషిత. "ఆరోజు ఒక మాటన్నాను. దాన్ని వెనక్కి తీసుకోవడానికొచ్చాను."

"పంపింది వెనక్కి రాదక్కా, తొమ్మిదో తరంలో," అంది ప్రణవి, పిల్ల గౌను దులుపుతూ.

"అప్పుడది నిజం. ఇప్పుడు కాదు. చూడు."

రేకును ఎండకు ఎత్తి పట్టుకుంది. ఒయ్యారంగానే పట్టుకుంది, కావాలని. ఆవలి దండెం మీది గళ్ళచీర గళ్ళన్నీ రేకులోంచి ఒక్కటీ పోకుండా కనిపించాయి.

ప్రణవి గౌను దండెం మీద వేసి దగ్గరికొచ్చింది. చూసింది. ఏమీ అనలేదు. అత్తగారు అననట్టే. కానీ ఆమె దవడ బిగిసింది, కళ్ళు ఆ రేకు అంచు వెంట చిరుగు కోసం వెతికాయి, దొరకలేదు. ఆ చూపు జోషితకు బాగా తెలుసు. ఆరేళ్ళు అద్దంలో చూసుకున్నదే.

"చిటికెనవేలు వదిలేశావు," అంది ప్రణవి.

"వదిలేశాను."

"నాదగ్గరే చూసి."

"నీదగ్గర చూసేదేముంది? నువ్వు మానేసిన మనిషివి."

ప్రణవి తడిబట్టల బుట్ట అక్కడే వదిలేసి, కొంగు నడుముకు దోపుకుని, గోడ దాటి పెరట్లోకి నడిచింది. అత్తగారి కుండ ముందు కూచుంది. ఆకులు ఎగదోసి, గుడ్డ ముంచి, ఒక్క క్షణం అలా పట్టుకుని ఉంది. మొదటి రేకు అంచు చిరిగింది. ప్రణవి నాలుక కరుచుకుని దాన్ని తీసి పారేసి, మళ్ళీ ముంచింది. రెండోది పూర్తిగా లేచింది. ఎండకెత్తలేదు. తిన్నగా జోషిత చేతిలో పెట్టింది.

జోషిత తన రేకు పక్కన దాన్ని పట్టుకుని చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. మూడు రోజులు చెయ్యి కాల్చుకుని తాను తీసినదానికన్నా, తొమ్మిది రోజులు పొయ్యి మొహం చూడనిది తీసినదే పల్చగా ఉంది. ఏ తరం పలకా అక్కర్లేదు, ఉత్త కళ్ళకే కనిపిస్తోంది.

కడుపులో మంట గుప్పుమంది. పాత మంటే. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. ఆమె పెదవులు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. అలవాటుకొద్దీ మణికట్టు వైపు చూసుకుంది. ఏమీ లేదు. పలక నేతిడబ్బాలో ఉంది.

"ఏమన్నావక్కా?" అంది ప్రణవి, గుడ్డ ముంచుతూ.

"ఏమీ అనలేదు. నువ్వు పని చూసుకో."